మొత్తాన్ని విమానాలతో భాగిస్తే ధర రాదు

సంపాదకులకు,

నమస్కారం. ఏ దేశం ఏ యుద్ధ విమానం కొంటోందో తెలుగు పత్రికలు ఇప్పుడు శ్రద్ధగా రాస్తున్నాయి. అందుకు సంతోషం. కానీ దాదాపు ప్రతి వార్తలోనూ ఒకే భాగహారం ఉంటోంది: ఒప్పందం విలువ ఇంత, విమానాలు ఇన్ని, కాబట్టి ఒక్కోటి ఇంత. పెళ్లికైన ఖర్చంతా లేచిన విస్తళ్ల లెక్కతో భాగించి ఒక భోజనం ఖరీదు ఇదీ అని చెప్పడం లాంటిది ఇది. పందిరి, పురోహితుడు, బంగారం, బట్టలు, బస్సు కిరాయి అన్నీ ఆ అంకెలోనే కలిసిపోయి ఉంటాయి. పెద్ద దేశాల విషయంలో ఈ పొరపాటు వల్ల పెద్దగా నష్టం లేదు. డజను విమానాలు కొనడానికే ఏళ్ల తరబడి మల్లగుల్లాలు పడే చిన్న దేశాల విషయంలో మాత్రం అసలు కథే మరుగున పడుతోంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ఫిన్లండ్ సంగతి చూడండి. జనాభా అర కోటి దాటిన దేశం. పాత హార్నెట్ యుద్ధ విమానాల స్థానంలో 64 ఎఫ్-35ఏ విమానాలు కొనాలని 2021 డిసెంబరులో నిర్ణయించింది. అనుకున్న మొత్తం దాదాపు 1,000 కోట్ల యూరోలు. భాగిస్తే ఒక్కోటి 15 కోట్ల 60 లక్షల యూరోలు అనిపిస్తుంది. ఫిన్లండ్ ప్రభుత్వమే ప్రకటించిన వివరాలు వేరు. విమానాలకు 470.3 కోట్లు. గాల్లో ఎదుటి విమానాన్ని కూల్చే క్షిపణులకు 75.46 కోట్లు. నిర్వహణ పరికరాలు, విడిభాగాలు, శిక్షణ, తొలి ఏళ్ల సర్వీసింగు కలిపి 292 కోట్లు. కట్టడాలు, ఇప్పుడున్న కమాండ్ వ్యవస్థలతో అనుసంధానం వగైరాలకు 77.7 కోట్లు. తర్వాత తేల్చుకోవలసిన ఆయుధాలకు, ఒప్పందంలో రాబోయే మార్పులకు పక్కన పెట్టింది 82.4 కోట్లు. అంటే విమానం వరకే చూస్తే ఒక్కోటి 7 కోట్ల 35 లక్షల యూరోలు. మొత్తంలో సగం కన్నా తక్కువ. మిగతా సగం లేకపోతే ఆ విమానాలు హ్యాంగర్ దాటి బయటికి రావు.

ఎంపిక చేసిన తీరు కూడా చిన్న దేశాలన్నీ గమనించదగినది. పోటీలో ఐదు విమానాలు: గ్రిపెన్, రఫాల్, యూరోఫైటర్, సూపర్ హార్నెట్, ఎఫ్-35. ఫిన్లండ్ ఎవరినీ "మీ విమానం ధరెంత?" అని అడగలేదు. "మా దగ్గర ఇంత సొమ్ముంది, ఇందులో మీరు ఇవ్వగలిగిన ఉత్తమమైన ప్యాకేజీ ఏమిటో చెప్పండి" అంది. విమానాలు, ఆయుధాలు, విడిభాగాల పాళ్లు వాళ్లే కట్టుకుని రావాలి. తర్వాత మూడు గడపలు. యుద్ధంలో సరిహద్దులు మూసుకుపోయినా దేశంలోనే మరమ్మతులు చేసుకోగలమా? ఒప్పందం విలువలో కనీసం 30 శాతానికి స్థానిక పరిశ్రమకు పని వస్తుందా? ఏటా నడిపే ఖర్చు రక్షణ బడ్జెట్‌లో పదో వంతు లోపల ఉంటుందా? ఈ మూడింటికీ మార్కులు లేవు, దాటితే దాటినట్టు, లేకపోతే లేదు. దాటిన వాటికే యుద్ధ సామర్థ్యంలో పోటీ. 2020 జనవరి, ఫిబ్రవరి నెలల్లో, గడ్డకట్టే చలిలో, ఐదు విమానాలనూ పిర్కలా స్థావరానికి రప్పించి, కంపెనీలు కాగితం మీద రాసిచ్చిన మాటలు నిజమో కాదో కొలిచారు. మూడో గడప అన్నిటికన్నా ముఖ్యం. కొనే సొమ్ము ఒకసారి అప్పో సప్పో చేసి తేవచ్చు. నడిపే ఖర్చు ముప్పై ఏళ్లు ప్రతి ఏప్రిల్‌లోనో జనవరిలోనో తలుపు తడుతూనే ఉంటుంది.

చిన్న దేశానికి నిజంగా ఏం కావాలో ఇప్పుడు చూద్దాం. ఎక్కువ చోట్ల జవాబు ఒకటే: ఏ రోజైనా, ఏ గంటలోనైనా లేవడానికి సిద్ధంగా రెండు విమానాలు. నాటోలో ఆదేశం అందిన 15 నిమిషాల్లోగా అవి గాల్లో ఉండాలని లెక్క. రెండెందుకంటే, మాట పలకని పౌర విమానం ఒకటి సరిహద్దులోకి వచ్చిందనుకోండి. మొదటి ఫైటర్ దాని ఎడమ పక్కకు, కాస్త ముందుకు చేరుతుంది. కెప్టెన్ సీటు ఎడమవైపే కాబట్టి అక్కడుంటేనే అతని కంట పడుతుంది. రెక్కలు ఊపుతుంది. అర్థమైతే కెప్టెన్ కూడా రెక్కలు ఊపాలి, అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5 మెగాహెర్ట్జ్‌లో పలకాలి. ఇదంతా జరుగుతున్నంతసేపూ రెండో ఫైటర్ వెనకాల నిలబడి కాపలా కాస్తుంది. ఒక్క విమానంతో ఈ పని క్షేమంగా జరగదు.

ఈ రెండింటిని ఏడాది పొడుగునా నిలబెట్టడానికి ఎన్ని కావాలి? రెండు డ్యూటీలో ఉంటే, ఆఖరి నిమిషంలో ఏదైనా మొరాయిస్తే ఎక్కడానికి ఒకటో రెండో పక్కన ఉండాలి. రెండో మూడో విమానాలు, ఎగిరిన గంటల లెక్కన వచ్చే తనిఖీలో విప్పి ఉంటాయి. ఒకటి పెద్ద సర్వీసింగులో నెలల తరబడి ఉంటుంది. మిగిలినవాటి మీద పైలట్లు రోజూ సాధన చేయాలి. కొత్తవాళ్లకు నేర్పడానికి రెండు సీట్ల విమానాలు రెండైనా కావాలి. అందుకే చెక్ రిపబ్లిక్ తీసుకున్న గ్రిపెన్‌లు 14, అందులో రెండు సీట్లవి 2. స్లొవేకియా ఎఫ్-16లు 14, అందులోనూ 2. క్రొయేషియా రఫాల్‌లు 12, అక్కడా 2. ఎవరికి వాళ్లు లెక్క వేసుకున్నా అందరికీ దాదాపు అదే అంకె వచ్చింది.

పైలట్ల లెక్క మరీ కఠినం. రోజుకు రెండు కాక్‌పిట్లు, ఏడాదికి 730 రోజు డ్యూటీలు. ఒక పైలట్ ఏడాదిలో అరవై దాకా ఇలాంటి డ్యూటీలు చేస్తాడనుకుంటే 12 మంది. సెలవులు, జబ్బులు, శిక్షణ, సిబ్బంది కార్యాలయాల పనులు కలుపుకుంటే 18 నుంచి 20 మంది లేనిదే బండి నడవదు. ఒక్కొక్కరు ఏడాదికి 180 గంటలు ఎగరాలని నాటో కొలత పెట్టుకుంటే 3,600 గంటలు. అందులో మూడో వంతు సిమ్యులేటర్ మీదికి నెట్టినా 2,400 గంటలు గాల్లోనే గడవాలి. 12 విమానాలకు పంచితే ఒక్కోటి ఏడాదికి 200 గంటలు. ఈ 200 అనే అంకె గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

విమానాలుంటే సరిపోదనడానికి స్విట్జర్లాండ్ అనుభవం చాలు. 2014 ఫిబ్రవరి 17న అడిస్ అబాబా నుంచి రోమ్ వెళ్లాల్సిన ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని దాని కో పైలటే దారి మళ్లించి తెల్లవారుజామున జెనీవాలో దించాడు. దాని వెంట వచ్చినవి ఇటలీ, ఫ్రాన్స్ ఫైటర్లు. స్విస్ వైమానిక దళం దగ్గర ముప్పైకి పైగా హార్నెట్‌లు ఉన్నా అవి లేవలేదు. కారణం, అప్పట్లో ఆ దళం గగన కాపలా పని ఆఫీసు వేళల్లోనే చేసేది, పొద్దున 8 నుంచి, మధ్యాహ్న భోజనం విరామంతో సహా. రాత్రింబవళ్లు నిలబెట్టడానికి మనుషులు లేరు, బడ్జెట్ లేదు. ఇరవై నాలుగు గంటల కాపలా ఆ దేశానికి 2020 చివరికి గానీ కుదరలేదు. పైలట్లు, మెకానిక్‌లు, రాడార్ గదిలో కూర్చునే కంట్రోలర్లు, అగ్నిమాపక సిబ్బంది, రాత్రి తెరిచి ఉంచే రన్‌వే అన్నీ కలిస్తేనే ఒక కాపలా డ్యూటీ.

సొమ్ము ఎలా కడతారన్న దాంట్లోనూ చిన్న దేశాలు రకరకాల దెబ్బలు తిన్నాయి. కంపెనీతో కాకుండా అమెరికా ప్రభుత్వంతోనే ఒప్పందం చేసుకునే పద్ధతిలో కొంటే మొదట ఆ దేశ పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు ఒక అంచనా పంపుతారు. మన పత్రికల్లో తరచుగా పడేది ఆ అంకే. అది గరిష్ఠ హద్దు మాత్రమే. 2019లో బల్గేరియాకు 8 ఎఫ్-16 బ్లాక్ 70 (కొత్త రకం) విమానాలకు కాంగ్రెస్‌కు చెప్పింది 167.3 కోట్ల డాలర్లు. సంతకాలయింది 125.6 కోట్ల డాలర్లకు. అంటే దాదాపు నాలుగో వంతు తక్కువకు. పైగా ఆ పద్ధతిలో అమెరికా ప్రభుత్వం వసూలు చేసే పాలనా రుసుము కూడా ఉంటుంది, ఇటీవలి ఏళ్లలో అది వందకు 3.2. బల్గేరియా మొత్తం డబ్బు ఆ ఏడాదే ఒక్కసారిగా కట్టింది. దానికోసం బడ్జెట్‌నే సవరించుకోవాల్సి వచ్చింది. ఒకప్పుడు వైమానిక దళానికి అధిపతిగా పనిచేసిన అప్పటి అధ్యక్షుడు రుమెన్ రాదెవ్ ఆ ఒప్పందాన్ని వీటో చేశారు. పార్లమెంటు దాన్ని తోసిపుచ్చింది. డబ్బు ముందే కట్టినా విమానాలు అనుకున్న ఏడాదికి రాలేదు. ఎఫ్-16 తయారీని అమెరికాలోనే ఫోర్ట్ వర్త్ నుంచి గ్రీన్‌విల్‌కు మార్చడం, కరోనా, సరఫరా ఇబ్బందులు అన్నీ కలిసి తొలి విమానం బల్గేరియా స్థావరానికి చేరేసరికి 2025 ఏప్రిల్ అయింది.

స్విట్జర్లాండ్ కథ ఇంకా కష్టమైనది, ఎందుకంటే అక్కడ జనమే ఓటేసి డబ్బిస్తారు. 22 గ్రిపెన్‌ల కోసం అడిగిన 312.6 కోట్ల ఫ్రాంకులను 2014 మే నెలలో 53.4 శాతం మంది కాదన్నారు. జెనీవా ఘటన జరిగి మూడు నెలలే! 2020 సెప్టెంబరులో మళ్లీ అడిగారు. ఈసారి ఏ విమానమో చెప్పకుండా, 600 కోట్ల ఫ్రాంకుల హద్దు మాత్రమే పెట్టి. 50.1 శాతంతో, తొమ్మిది వేలు కూడా లేని ఆధిక్యంతో గట్టెక్కింది. తర్వాత 36 ఎఫ్-35లు ఎంచుకున్నారు. ధర స్థిరమని ప్రభుత్వం జనానికి పదే పదే చెప్పింది. 2025లో అమెరికా అది అపార్థమంది. ద్రవ్యోల్బణం, ముడి సరుకుల ధరల పేరుతో అదనంగా 65 కోట్ల నుంచి 130 కోట్ల ఫ్రాంకుల దాకా పడుతుందని తేలింది. కారణం దాచిందేమీ కాదు. ఈ పద్ధతిలో అమెరికా ప్రభుత్వం తన కోసం కంపెనీతో ఏ ధరకు కుదుర్చుకుంటుందో అదే ధర కొన్న దేశానికి వర్తిస్తుంది. తర్వాతి ఏళ్ల బ్యాచుల ధర ఒప్పందం రోజున ఎవరికీ తెలియదు. ఓటరు ఇచ్చిన హద్దు దాటలేక చివరికి విమానాల సంఖ్యే తగ్గించుకునే దారి పట్టింది స్విస్ ప్రభుత్వం. భాగహారం చేసే పాత్రికేయులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు: ఇక్కడ పైనున్న సొమ్ము కదలదు, కిందున్న సంఖ్య కదులుతుంది.

లీజు ఇంకో దారి. చెక్ రిపబ్లిక్ మొదట 24 గ్రిపెన్‌లు కొనాలనుకుంది. 2002 ఆగస్టులో వరదలు వచ్చాయి, ప్రాగ్ నీట మునిగింది, ఆ సొమ్ము పునర్నిర్మాణానికి కావాల్సి వచ్చింది. కొనడం మానేసి 14 విమానాలను 2005 నుంచి పదేళ్లకు దాదాపు 1,965 కోట్ల కొరునాలకు లీజుకు తీసుకుంది. ఇచ్చింది కంపెనీ కాదు, స్వీడన్ ప్రభుత్వం. గడువు తీరితే తిరిగి ఇచ్చేయాలి. అందువల్ల పాత విమానాలు ఏం చేయాలన్న చింత లేదు, పెద్ద మొత్తం ఒకేసారి కట్టాల్సిన పని లేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఇష్టం వచ్చినట్టు మార్పులు చేసుకోవడానికి లేదు, ఎన్నేళ్లు కట్టినా విమానం సొంతం కాదు. హంగరీ కూడా 14 లీజుకు తీసుకుంది. 2015లో నెల తిరక్కముందే రెండు ప్రమాదాలు జరిగి రెండు విమానాలు దెబ్బతిని ఆగిపోయాయి. వంద విమానాలున్న దళంలో రెండు ఆగిపోవడం వేరు, పద్నాలుగులో రెండు ఆగిపోవడం వేరు.

సరుకులిచ్చి కొన్నవాళ్లూ ఉన్నారు. మలేషియా 2003లో రష్యా నుంచి 18 సుఖోయ్-30ఎంకేఎంలు దాదాపు 90 కోట్ల డాలర్లకు తీసుకుని, కొంత సొమ్ము పామాయిల్ రూపంలో చెల్లించింది. ఆ బేరంలో భాగంగానే 2007లో ఒక మలేషియా వైద్యుడు రష్యా రాకెట్‌లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చాడు. మన వైమానిక దళం ఆ దేశపు సుఖోయ్ సిబ్బందికి శిక్షణ కూడా ఇచ్చింది. అంత బాగా కుదిరిన బేరం చివర ఏమైందో చూడండి. 2018లో ఆ దేశ రక్షణ మంత్రి పార్లమెంటులోనే చెప్పారు: రష్యావి 28 విమానాలుంటే, అంటే 18 సుఖోయ్‌లు, 10 మిగ్-29లు, ఎగరగలిగినవి 4. విడిభాగాలు లేక, నిర్వహణ కుదరక. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడితే జరిగేది ఇదే. కొత్త విమానం వచ్చిన మొదటి మూడేళ్లు ఏమీ తెలియదు. తర్వాత ఒకదాని పంపు ఊడదీసి ఇంకోదానికి పెట్టడం మొదలవుతుంది. పంపు ఇచ్చిన విమానం హ్యాంగర్ మూలకు చేరుతుంది, రోజుకో భాగం ఊడుతుంది, దాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఒక విమానం కొన్నంత పనవుతుంది.

గంటకు ఎగిరే ఖర్చు ఇంత అని వేసే పట్టికల మీద కూడా ఒక మాట. ఒక దేశం అందులో ఇంధనం, విడిభాగాలే కలుపుతుంది. మరో దేశం జీతాలు, స్థావరం కరెంటు, భవిష్యత్తు అప్‌గ్రేడ్‌లు కూడా కలుపుతుంది. రెండూ పక్కపక్కన వేసి ఇది చౌక, అది ఖరీదు అనడం న్యాయం కాదు. ఇంకా ముఖ్యమైంది: చిన్న దళంలో ఖర్చులో పెద్ద భాగం స్థిరమైనది. హ్యాంగర్, సిమ్యులేటర్, మెకానిక్ జీతం విమానం ఎగిరినా ఎగరకపోయినా తప్పవు. డబ్బు లేదని గంటలు సగం చేస్తే ఖర్చు సగం కాదు. గంట ఖరీదు పెరుగుతుంది, పైలట్ చెయ్యి మొద్దుబారుతుంది.

సెకండ్ హ్యాండ్ సంగతికి వస్తే, అర్జెంటీనా 2024లో డెన్మార్క్ నుంచి 24 పాత ఎఫ్-16లు దాదాపు 30 కోట్ల డాలర్లకు తీసుకుంది. ఒక్కోటి కోటిన్నర డాలర్ల లోపు! అని ఎవరైనా రాయవచ్చు. అదే ఏడాది అక్టోబరులో ఆ విమానాలకు ఆయుధాలు, పరికరాలు, శిక్షణ, నిర్వహణ సహాయం కోసం అమెరికా ఆమోదించిన ప్యాకేజీ గరిష్ఠ విలువ 94.1 కోట్ల డాలర్లు. విమానాలకు మూడింతలు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలన్నది ఇందుకే. పైగా ఎవరూ పట్టించుకోని చిన్న విషయం ఒకటుంది. అర్జెంటీనా దగ్గరున్న కేసీ-130 ట్యాంకర్ గొట్టం, దాని చివర గరాటా లాంటి బుట్ట వదులుతుంది. ఇంధనం కావాల్సిన విమానం ముక్కుకు ముందున్న గొట్టాన్ని ఆ బుట్టలో దూర్చాలి. ఎఫ్-16 వీపు మీద ఉండేది ఒక రంధ్రం. ట్యాంకర్ నుంచి గట్టి కడ్డీ లాంటి బూమ్ దిగి వచ్చి అందులో కూర్చోవాలి. రెండింటికీ పొంతన లేదు. అంటే అంత పొడవాటి దేశంలో దూరం ఎగరాలంటే ట్యాంకర్ కూడా కొత్తగా వెతుక్కోవాల్సిందే. పాత విమానాల్లో చూడాల్సిన అంకె పుట్టిన సంవత్సరం కాదు, మిగిలిన గంటలు. 8,000 గంటల ఆయుష్షున్న విమానం 5,000 ఎగిరేసి ఉంటే, పైన చెప్పిన 200 లెక్కన మిగిలింది 15 ఏళ్లు. కొత్త బ్లాక్ 70 ఎఫ్-16 ఆయుష్షు 12,000 గంటలు, అదే లెక్కన 60 ఏళ్లు. రెంటి ధరలూ ఈ గంటలతో భాగించి చూస్తే బేరం ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. భాగహారం చేయాల్సిన చోటు అది.

డబ్బు సమకూరాక కూడా అనుమతి అనే గడప ఒకటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. క్రొయేషియా 2018లో ఇజ్రాయెల్ నుంచి 12 పాత ఎఫ్-16లు ఎంచుకుంది. ఇజ్రాయెల్ వాటికి తన ఎలక్ట్రానిక్స్ బిగించింది, అదే వాటి ఆకర్షణ. అసలు తయారీదారైన అమెరికా, ఆ పరికరాలు తీసేసి మామూలు రూపంలో ఇస్తేనే ఒప్పుకుంటానంది. 2019 జనవరికి బేరం చెడింది. చివరికి 2021లో ఫ్రాన్స్ వాడిన 12 రఫాల్‌లను 99.9 కోట్ల యూరోలకు తీసుకుంది, శిక్షణ, సిమ్యులేటర్, విడిభాగాలు, మూడేళ్ల నిర్వహణ సహాయంతో కలిపి. అర్జెంటీనాకు పూజారి బ్రిటన్. ఫాక్‌ల్యాండ్స్ యుద్ధం తర్వాత బ్రిటన్ ఆ దేశానికి ఆయుధాల్లో తన భాగాలు పోనివ్వడం లేదు. దక్షిణ కొరియా తన తేలికపాటి ఫైటర్ ఎఫ్ఏ-50 అమ్మాలనుకుంటే, అందులో ఆరు ముఖ్యమైన భాగాలు బ్రిటన్‌వని, ఇవ్వలేమని తయారీ సంస్థే 2020లో రాసిచ్చింది. మన తేజస్ పేరు కూడా అక్కడ చర్చకు వచ్చింది. తేజస్‌లో పైలట్ కూర్చునే ఎజెక్షన్ సీటు బ్రిటన్‌కు చెందిన మార్టిన్ బేకర్‌ది. ఎఫ్-16లో సీటు అమెరికాది కాబట్టి ఆ చిక్కు లేదు. ఒక్క కుర్చీ దగ్గర ఒక దేశపు ఎంపిక ఆగిపోతుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఇది జరిగింది.

తెలుగు పాఠకులకు దగ్గర విషయం ఇక్కడే ఉంది. హైదరాబాద్‌లో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ ఉమ్మడి సంస్థ ఎఫ్-16 రెక్కలు చేసేందుకు సిద్ధమైంది. రఫాల్ దేహం (ఫ్యూజలాజ్) భాగాలు చేయడానికి దాని తయారీ సంస్థ డసో, టాటా 2025 జూన్‌లో ఒప్పందం చేసుకున్నాయి. తేజస్ మార్క్ 1ఏ మధ్య భాగాన్ని హైదరాబాద్‌లోనే వెమ్ టెక్నాలజీస్ చేసి తేజస్ తయారు చేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్‌కు అందించింది. ఇవన్నీ గర్వించదగినవే. అయితే రెక్క చేసినవాడికి విమానాన్ని ఎవరికి అమ్మాలో చెప్పే హక్కు రాదు. ఆ హక్కు ఇంజిన్, సీటు, రాడార్, సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది. తేజస్ ఇంజిన్ అమెరికా జీఈ కంపెనీ ఎఫ్404. 2021లో ఆర్డరిచ్చిన 99 ఇంజిన్లలో మొదటిది అందింది 2025 మార్చిలో. మనకే దాదాపు నాలుగేళ్లు ఆగింది. రేపు ఏ చిన్న దేశమైనా తేజస్ కొనాలని వస్తే మొదట అడిగే ప్రశ్న మన ధర గురించి కాదు, ఆ ఇంజిన్ ఎప్పుడొస్తుందని. గ్రిపెన్ ఈ కూడా జీఈ ఇంజిన్‌తోనే ఎగురుతుంది కాబట్టి, స్వీడన్ అమ్మాలన్నా వాషింగ్టన్ సంతకం కావాలి.

కొనడం, రావడం మధ్య సందు గురించి ఎవరూ రాయరు. స్లొవేకియా 2018లో 14 ఎఫ్-16లకు ఒప్పందం చేసుకుంది. అప్పటిదాకా నడుపుతున్న మిగ్-29లకు రష్యా సాంకేతిక నిపుణులు, రష్యా విడిభాగాలు కావాలి. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక వాటిని ఆ వేసవి చివర ఆపేసింది, మరుసటి ఏడాది 13 మిగ్‌లను ఉక్రెయిన్‌కు ఇచ్చేసింది. కొత్తవి రాలేదు. పక్కనున్న చెక్, పోలండ్ లాంటి దేశాల ఫైటర్లే ఆ దేశపు ఆకాశానికి కాపలా కాశాయి. సొంత స్థావరం స్లియాచ్‌లో పునర్నిర్మాణం ముగియక, 2024 జులైలో వచ్చిన తొలి ఎఫ్-16లు కుచినా స్థావరంలో దిగాయి. రన్‌వే, హ్యాంగర్లు, కేబుళ్లు, భద్రతా గదుల పని విమానం ఆర్డరు ఇచ్చిన రోజే మొదలుపెట్టాలి. అది ఆలస్యమైతే వచ్చిన విమానాన్ని నిలపడానికి చోటుండదు. థాయిలాండ్ ఎఫ్-35లు అడిగితే 2023లో అమెరికా ఇవ్వకపోవడానికి చెప్పిన కారణాల్లో స్థావరాల స్థితి, శిక్షణ ఉన్నాయి. ఆ దేశం తర్వాత గ్రిపెన్ ఈ వైపు వెళ్లి, 2025 ఆగస్టులో మొదటి విడతగా 4 విమానాలకు మాత్రం సంతకం చేసింది. విడతలుగా కొంటే ఏటి బడ్జెట్ తట్టుకుంటుంది, కానీ ప్రతి విడత ధరా కొత్తగా బేరమే.

అసలు ఫైటర్ అక్కర్లేదని తేల్చుకున్న దేశాలనూ తప్పుపట్టలేం. న్యూజిలాండ్ 2001లో తన యుద్ధ విమానాల విభాగాన్నే మూసేసింది. బాల్టిక్ దేశాలు మూడింటికీ (ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా) ఫైటర్లు లేవు, 2004 నుంచి నాటో దేశాలు వంతులవారీగా అక్కడ కాపలా కాస్తున్నాయి. పొరుగున అంత నమ్మకమైన స్నేహితులు లేని ఫిలిప్పీన్స్ 2005లో ఎఫ్-5లు ఆపేసి పదేళ్లు ఒక్క ఫైటర్ లేకుండా గడిపింది. తర్వాత 12 ఎఫ్ఏ-50లతో మళ్లీ మొదలుపెట్టింది. పదేళ్లలో పైలట్లు, మెకానిక్‌ల ఒక తరం చెదిరిపోతుంది. విమానం మళ్లీ కొనవచ్చు, ఆ చేతులు మళ్లీ తయారు కావడానికి ఇంకో పదేళ్లు.

సంపాదకులకు ఒక విన్నపం. ఇకమీదట ఇలాంటి వార్త వేసినప్పుడు "ఒక్కోటి ఇంత" అనే వాక్యం తీసేసి, ఆ చోట ఈ వివరాలు వేయండి: మొత్తంలో విమానాలకెంత, మిగతాదానికెంత, అది సంతకమైన ధరా, కాంగ్రెస్‌కు చెప్పిన హద్దా, ఏడాదికి ఎన్ని గంటలు ఎగరబోతోంది, ఇంజిన్, సీటు ఎవరివి, మొదటి కాపలా డ్యూటీ ఏ ఏడాది, అప్పటిదాకా ఆకాశం ఎవరు చూస్తారు. ఉదాహరణకు చెక్ రిపబ్లిక్ వార్త ఇలా వేయవచ్చు: 24 ఎఫ్-35లు, 2024 జనవరిలో సంతకం, మౌలిక వసతులూ శిక్షణా కలిపి సుమారు 15,000 కోట్ల కొరునాలు, విమానాలు రావడం 2031 నుంచి 2035 దాకా, అప్పటివరకు కాపలాకు స్వీడన్ నుంచి 12 గ్రిపెన్‌ల లీజు 2035 వరకు పొడిగింపు. మూడు వరుసలు పడుతుంది, అంతే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్